నాలుగోసారి నాటిన సరుగుడు: తీరం తోపులో వేరు శిలీంధ్రం మీద ఒక కేస్ స్టడీ

నర్సరీలు నడిపేవాళ్లకు, తీరంలో మొక్కలు నాటించేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, పని చేయించినవాళ్ల పేర్లు రాయడం లేదు. ఉత్తర కోస్తాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మత్స్యకారుల ఊరు అనుకుంటే చాలు.

నేపథ్యం

ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు దట్టమైన సరుగుడు తోపు ఉండేది. 2014లో హుద్‌హుద్ గాలికి అంచు చెట్లు కొన్ని పోయాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు మిగతాది దాదాపు అంతా పడిపోయింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పోయిన సంగతి రాష్ట్రమంతటికీ తెలిసింది. ఊరి ముందు సరుగుడు పోయిన సంగతి మాత్రం ఆ ఊరివాళ్లకే తెలుసు. తోపు పోయాక గాలి మళ్లినప్పుడల్లా ఇసుక ఇళ్లలోకి వచ్చేది. వలలు ఆరేసే చోట ఇసుక, బడి వరండాలో ఇసుక, మూత తీసిన అన్నం గిన్నెలో ఇసుక.

సరుగుడు పుట్టిల్లు ఇక్కడ కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చిన చెట్టు. మన దేశంలో 1868లో కార్వార్ దగ్గర వంటచెరకు కోసం నాటారు. తర్వాత కోస్తా అంతా పాకి వంటచెరకుగా, సెంట్రింగ్ కర్రగా, కాగితం మిల్లుల ముడిసరుకుగా రైతుల పంటగా మారిపోయింది. 2004 సునామీలో కడలూరు తీరాన చెట్లున్న చోట నష్టం తగ్గిందని 2005లో వెలువడిన ఒక పరిశీలన చెప్పింది. ఆ చెట్లలో మడ చెట్లతోపాటు సరుగుడూ ఉంది. అందుకే తుఫాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ తీరంలో ముందుగా గుర్తొచ్చేది సరుగుడే.

ఉత్త ఇసుకలో ఈ చెట్టు బతకడానికి ఇద్దరు తోడు కావాలి. ఒకటి ఫ్రాంకియా. వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. దారాల్లా పెరుగుతుంది కనుక పూర్వం దీన్ని శిలీంధ్రాల్లో లెక్కవేసేవారు, నిజానికి బాక్టీరియా. రెండోది మైకోరైజా శిలీంధ్రం, మన నర్సరీల్లో వ్యామ్ అంటారు. భాస్వరం మట్టిలో దాదాపు కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తీసుకున్నాక ఆకలితో మిగిలిపోతుంది. శిలీంధ్రపు పోగులు అక్కడి నుంచి ఇంకా కొన్ని సెంటీమీటర్లు దాటి వెళ్లి భాస్వరాన్ని తెచ్చి వేరుకు ఇస్తాయి. గవ్వల పొడి కలిసిన మన తీరం ఇసుకలో ఉన్న కాస్త భాస్వరం కూడా సున్నంతో బిగుసుకుపోయి ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఈ తోడు మరీ అవసరం. బుడిపెలు పనిచేయాలన్నా భాస్వరం కావాలి. అంటే రెండో తోడు లేకపోతే మొదటిదీ నీరసపడుతుంది.

సమస్య

2019లో ఒకసారి, 2020లో ఒకసారి అక్కడ సరుగుడు నాటారు. రెండుసార్లూ పోయింది. 2021 జనవరిలో నన్ను పిలిచారు. అందరూ ఒకే మాట చెప్పారు: ఉప్పు ఎక్కువ, నీళ్లు చాలలేదు.

రెండూ నమ్మదగ్గవే. కానీ ఊరి గుడి వెనక తిత్లీకి తట్టుకున్న పాత చెట్లు కొన్ని నిలబడి ఉన్నాయి. వాటికి కొంచెం ఎడంగా, ఎండ పడే చోట, రాలిన గింజలకు మొలిచిన పిల్లమొక్కలు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. వాటికి ఎవరూ చెంబెడు నీళ్లు పోయలేదు. నాటిన మొక్కలు ఎండిన చోటికీ వీటికీ దూరం రెండు వందల అడుగులు ఉంటుందేమో. అదే ఇసుక, అదే ఉప్పుగాలి. పైగా తుఫాను తెచ్చిన ఉప్పును రెండు వానాకాలాలు కడిగేశాయి. అలాంటప్పుడు ఉప్పు ఒక్కదాని మీదే నేరం మోపడం కుదరదు.

ఎండిన మొక్కలు ఓ పది పీకి చూశాను. కవరు ఏ ఆకారంలో ఉందో వేరు ముద్ద ఇంకా అదే ఆకారంలో ఉంది. ఏడాది ఇసుకలో ఉండి కూడా ఒక్క వేరు ఆ ముద్ద దాటి బయటకు పోలేదు. బుడిపెలు లేవు. గుడి వెనక పిల్లమొక్కను తవ్వితే పోగుల్లాంటి వేళ్లు నాలుగు వైపులా పాకి ఉన్నాయి, వాటి మీద ఉసిరికాయంత బుడిపెల గుత్తి, గుత్తిలోంచి పైకి చూస్తున్న సన్నటి కొనలు.

తోడు లేదని ఆ రోజే అర్థమైంది. ఎందుకు లేదో అర్థం కావడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

మొదటి ప్రయత్నం, దాని వైఫల్యం

2021 నారుకు నేను బజారులో దొరికే వ్యామ్ పొడి కొనిపించాను. కవర్లు నింపే మట్టిలో కలిపించాను. అప్పట్లో నేను జపాన్ తీరవనాల గురించి చదువుతూ ఉన్నాను. 2011 మార్చి 11 సునామీకి రికుజెన్‌తకాతా అనే పట్టణం ముందున్న దాదాపు 70,000 పైన్ చెట్లు కొట్టుకుపోయి ఒక్కటి మిగిలింది. ఉప్పునీటికి వేరు దెబ్బతిని ఆ ఒక్కటీ 2012లో చనిపోయింది. అక్కడ తీరంలో నల్ల పైన్‌ను తిరిగి పెంచేటప్పుడు వేరు శిలీంధ్రాన్ని పట్టించుకుంటారు. బొగ్గు పొడి కలిపి షోరో అనే పుట్టగొడుగును వేళ్ల దగ్గర పెంచే పద్ధతి ఉంది. అది నన్ను బాగా ఆకట్టుకుంది. నేను కొన్న ప్యాకెట్ మీద కూడా పైన్ జాతి శిలీంధ్రం, మామూలు వ్యామ్, రెండూ ఉన్నాయని రాసి ఉంది.

సరుగుడును చూసి పైన్ అనుకోవడం తేలిక. దానికి ఆస్ట్రేలియన్ పైన్ అనే పేరు కూడా ఉంది. కానీ ఇది పైన్ కాదు, సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కణుపులున్న సన్నటి కొమ్మలు. వేరు దగ్గర తేడా ఇంకా పెద్దది. పైన్ శిలీంధ్రం వేరుకొనకు బయటి నుంచి తొడుగులా కప్పుకుంటుంది, అదును చూసి నేల మీద పుట్టగొడుగై కనిపిస్తుంది. సరుగుడుతో ప్రధానంగా ఉండేది వేరు కణాల లోపలికి వెళ్లే రకం. అది ఎప్పుడూ నేల మీదికి రాదు. జపాన్‌లో అడవుల్లో పనిచేసే మనిషి పుట్టగొడుగును చూసి శిలీంధ్రం ఉందో లేదో చెప్పగలడు. మనం వేరు పీకి, రంగు వేసి చూస్తే తప్ప చెప్పలేం. నేను చూడలేదు. పొడి కలిపాం కనుక ఉందనుకున్నాను.

నర్సరీలో పనిచేసే ఒక పెద్దమ్మ అప్పుడే ఒక మాట అంది. "మా కాలంలో పాత తోట మట్టి గంపెడు తెచ్చి మడిలో జల్లేవోలం బాబూ. ఇప్పుడు ఎవులూ ఎయ్యట్నేదు." విన్నాను, తలూపాను, పొడి ఉంది కదా అని వదిలేశాను.

ఆగస్టులో నాటాం. నవంబరుకల్లా మొక్కలు పసుపు తిరిగాయి. పీకితే మళ్లీ అదే కవరు ఆకారం.

వేరు చూడటం

ఈసారి దగ్గర్లోని ఒక కాలేజీలో మైక్రోస్కోపు అడిగి తీసుకున్నాను. వేళ్లకు రంగు వేయడానికి ఖరీదైన రసాయనాలు అక్కర్లేదు. పెన్ను ఇంకు, వెనిగర్‌తో వేయవచ్చని 1998 నుంచి తెలుసు. సన్నటి వేళ్లను కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేయాలి. సరుగుడు వేరులో టానిన్ ఎక్కువ, ఎంత ఉడికించినా టీ డికాక్షన్ రంగు పోదు. అందుకని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాసేపు ఉంచి తెల్లబరచాలి. తర్వాత వెనిగర్‌తో కడిగి, ఇంకు కలిపిన వెనిగర్‌లో కొన్ని నిమిషాలు మరిగిస్తే శిలీంధ్రం ఉన్న చోటల్లా ఇంకు పట్టుకుంటుంది.

గుడి వెనక మొక్క వేరు ముందు పెట్టాను. వేరు పొడవునా నీలి పోగులు, మధ్యమధ్య చేప గుడ్లలాంటి బుడగలు, కొన్ని కణాల్లో బుల్లి చెట్టులా చీలిన ఆర్బస్క్యూళ్లు. చెట్టూ శిలీంధ్రమూ ఇచ్చిపుచ్చుకునేది ఆ బుల్లి చెట్టు దగ్గరే. 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మొక్కల్లో కూడా ఇదే ఆకారం దొరికింది. ఒక్కో ఆర్బస్క్యూల్ కొద్ది రోజులే ఉండి కరిగిపోతుంది, వేరు పెరిగే కొద్దీ కొత్తవి పుడుతుంటాయి. కాబట్టి అవి కనిపించాయంటే ఈ వారం కూడా పని జరుగుతున్నట్టే లెక్క.

మేం నాటిన మొక్క వేరు పెట్టాను. కడిగిన గాజులా ఉంది. పోగు లేదు, బుడగ లేదు. ఐదు మొక్కలు చూశాను, ఐదూ అంతే.

ఇక్కడ నాకు మూడు అనుమానాలు వచ్చాయి. పొడిలోనే ప్రాణం లేదా? నర్సరీలో ఏదో చంపుతోందా? ఆ ఇసుక మేరకే శిలీంధ్రం ఖాళీ అయిందా? మూడింటినీ విడివిడిగా తేల్చుకోకుండా ఇంకో బస్తా పొడి కొనడం తప్పని ఈసారి గట్టిగా అనుకున్నాను.

పెద్ద డేగిశాలో అడుగున నీళ్లు పోసి, ఇడ్లీలకు పట్టినట్టు ఇసుకకు ఆవిరి పట్టించాం. చల్లారాక కుండీల్లో నింపి జొన్న చల్లాం. జొన్న తొందరగా వేరు పోస్తుంది, ఈ శిలీంధ్రానికి ఇష్టమైన ఆతిథ్యం. కొన్నిటిలో కొన్న పొడి, కొన్నిటిలో గుడి వెనక మట్టి, కొన్నిటిలో గుడి వెనక మట్టి వేసి పైన నర్సరీలో వాడే కార్బెండజిమ్ అనే శిలీంధ్రాలను చంపే మందు నీళ్లు, కొన్నిటిలో నాటిన చోటి ఇసుక, ఆవిరి పట్టకుండా. ఆరు వారాలకు వేళ్లు ఉడికించి చూశాం.

పొడి వేసిన కుండీల్లో ఏమీ లేదు. ఆ ప్యాకెట్లు ఎన్నాళ్లు ఏ రేకుల షెడ్డులో కాగాయో మరి. గుడి వెనక మట్టి కుండీల్లో వేళ్లు నీలంగా నిండి ఉన్నాయి. అదే మట్టి మీద కార్బెండజిమ్ పోసిన చోట అక్కడో పోగు, ఇక్కడో పోగు. నాటిన చోటి ఇసుకలో దాదాపు శూన్యం. మూడు అనుమానాలూ నిజమే అయ్యాయి.

మూడోదాని గురించే నేను ఎక్కువ ఆలోచించాను. ఈ శిలీంధ్రం వేరు లేకుండా బతకలేదు. దాని తిండి అంతా వేరు ఇచ్చే చక్కెర, కొవ్వే. తిత్లీ తర్వాత ఏం జరిగిందో ఊళ్లో అడిగాను. పడిన చెట్లు తీశారు, అది తప్పదు. తర్వాత మొదళ్లు కూడా జేసీబీతో పెకలించారు, నేల చదును చేశారు. ఇసుకను పట్టుకుని ఉండే బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి పిచ్చిమొక్కలని చెక్కేశారు. ఏళ్ల తరబడి ఆ ఇసుకలో బతికున్న వేరు లేదు. మంచి మనసుతో శుభ్రం చేసిన చోటే శిలీంధ్రం ఆకలికి పోయింది. గుడి వెనక ఎవరూ ముట్టుకోలేదు కనుక అక్కడ మిగిలింది.

నర్సరీలో ఏం మార్చాం

మొదట మందు ఆపాలి. నారుకుళ్లు వస్తుందనే భయంతో వారం వారం కార్బెండజిమ్ పోసేవారు. నారుకుళ్లు పిథియం అనే సూక్ష్మజీవి వల్ల వస్తే ఆ మందు దాని మీద పనే చేయదు, వేరు శిలీంధ్రాన్ని మాత్రం దెబ్బతీస్తుంది. వాళ్ల భయం ఉత్తది కాదు, ఒక ఏడాది మడులు మడులే కూలిపోయాయట. అందుకని మందు మానమని చెప్పి ఊరుకోలేదు. విత్తనం పల్చగా చల్లించాం, మడి ఎత్తు పెంచాం, సాయంత్రం తడి మానిపించి పొద్దున్నే పెట్టించాం. ఒక మడి మూలన కొంచెం కుళ్లు వచ్చింది. ఆ మూల మట్టితో సహా ఎత్తి పారేశాం, అంతటితో ఆగింది.

రెండోది డీఏపీ. అందులో 18 శాతం నత్రజని, ఎరువుల బస్తా లెక్కలో (P2O5గా) 46 శాతం భాస్వరం. నత్రజని దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టదు, భాస్వరం దండిగా దొరికితే శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. ఒక్క ఎరువు ఇద్దరు తోడునీ గెంటేస్తుంది. నర్సరీలో ముదురు పచ్చగా ఉండి ఇసుకలో పడగానే పస్తులుండే మొక్క అలా తయారవుతుంది. చివికిన పశువుల ఎరువు కొద్దిగా కలిపి డీఏపీ పూర్తిగా ఆపాం. మొక్క ఎత్తు తగ్గింది, రంగు పలచబడింది. పని చేయించినవాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కలో మంచి మొక్క అంటే ఎత్తయిన మొక్క. వాళ్లను కూర్చోబెట్టి మైక్రోస్కోపులో రెండు వేళ్లూ చూపించాక కొన్ని వరసలకు అనుమతి ఇచ్చారు.

మూడోది, శిలీంధ్రాన్ని మనమే పెంచడం. పెద్దమ్మ చెప్పినట్టు పాత తోట మట్టి నేరుగా తెచ్చి వేయవచ్చు. కానీ అందులో సరుగుడుకు వచ్చే బెరడు బొబ్బ తెగులు, వేరుకుళ్లు కూడా వస్తాయేమోనని నా భయం. ఆరోగ్యంగా ఉన్న చెట్ల వేళ్ల దగ్గరి మట్టిని మాత్రమే తీసుకుని, ఆవిరి పట్టిన ఇసుకలో పదోవంతు కలిపి, 2021 డిసెంబరులో తొట్లలో జొన్న వేశాం. మధ్యలో వేరే జాతి మొక్కను పెడితే సరుగుడు తెగుళ్ల ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. మూడు నెలలకు నీళ్లు ఆపేశాం. జొన్న వాడుతుంటే శిలీంధ్రం కరువొచ్చిందని బీజాలు పెడుతుంది. పది రోజుల తర్వాత పైభాగం కోసి, వేళ్లు ముక్కలు చేసి, ఇసుకతో సహా నీడలో ఆరబెట్టాం.

వేసే తీరు కూడా ముఖ్యం. మట్టి పైన చల్లితే లాభం లేదు. నారు కవర్లలోకి మార్చేటప్పుడు గుంటలో ఒక చెంచా పోసి, దాని మీద వేరు ఆనేలా మొక్క పెట్టాలి. ఆ పని ఊరి ఆడవాళ్లు చేశారు, మాకంటే నేర్పుగా. బుడిపెలు విడిగా తెచ్చాం. కోస్తే లోపల ఎర్రగా ఉన్నవే ఏరి, బాగా కడిగి, రోట్లో నూరి, నీళ్లలో కలిపి మొక్క మొదట్లో పోశాం.

పొలంలో ఏం జరిగింది

2022 జులై చివర మూడు రకాల మొక్కలు పక్కపక్క వరసల్లో నాటాం, రెండు మీటర్లకు ఒకటి చొప్పున. పాత పద్ధతివి కొన్ని. మందు, డీఏపీ ఆపినవి, శిలీంధ్రం పెట్టనివి కొన్ని. ఆపి, శిలీంధ్రం, బుడిపెల నీళ్లు రెండూ ఇచ్చినవి కొన్ని. పాత పద్ధతి వరసలు దండగని ఊరివాళ్లు గట్టిగా అన్నారు. పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే 2021లోలాగే నమ్మకం మీద నడవాల్సి వస్తుందని వాళ్లను ఒప్పించాను.

మరుసటి ఎండాకాలం దాటాక, 2023 జూన్‌లో లెక్కపెట్టాం. పాత పద్ధతి మొక్కల్లో నాలుగోవంతు కూడా మిగల్లేదు. మూడో రకంలో పదింటికి ఏడెనిమిది నిలిచాయి, కొన్ని నా భుజాలెత్తు. రెండో రకం దగ్గర నేను ఊహించనిది కనిపించింది. గుడి వైపు వరసల్లో అవి మూడో రకంతో సమానంగా ఉన్నాయి. చదును చేసిన వైపు మాత్రం సగానికి పైగా పోయాయి. గుడి వైపు నేలలో పాత చెట్ల వేళ్లను పట్టుకుని శిలీంధ్రం ఇంకా ఉంది, కొత్త మొక్క వేరు చాపగానే దొరికింది. అంటే శిలీంధ్రం ఉన్న చోట మనం తెచ్చి పెట్టనక్కర్లేదు, దాన్ని చంపకుండా మొక్క పెంచితే చాలు. లేని చోట తెచ్చి పెట్టక తప్పదు. ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అనేది ఆరు వారాల జొన్న కుండీ చెబుతుంది. ఇప్పుడు నేను ఏ తీరానికి వెళ్లినా నాటే ముందు చేయించే మొదటి పని అదే.

ఒక లోపం చెప్పాలి. శిలీంధ్రం, ఫ్రాంకియా రెండూ ఒకే వరసలకు ఇచ్చాను. ఎవరి వల్ల ఎంత లాభమో ఈ కేసు చెప్పలేదు. నాలుగో రకం వరసలు పెట్టి ఉండాల్సింది, మొక్కలు చాలక వదిలేశాను.

సముద్రం వైపు మొదటి రెండు వరసలు మాత్రం శిలీంధ్రం పెట్టినా పోయాయి. అలల తుంపర, ఎగిరే ఇసుక కోత అక్కడ మొక్కను నిలవనివ్వవు. మళ్లీ నాటుదామన్నారు. నేను వద్దన్నాను. ఆ ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తోపు అలల అంచుదాకా వస్తే వాటికి చోటు ఉండదు. ఆ రెండు వరసలూ వెనక్కి జరిపి, ముందు భాగం బాలబంద తీగకూ రావణాసురుడి మీసాలకూ వదిలేశాం. తీగ ముక్కలు పాతితే ఒక వానాకాలంలోనే అల్లుకుంది. ఆ తీగల వేళ్లలోనూ ఇదే జాతి శిలీంధ్రాలు బతుకుతాయి. వెనక నాటే చెట్టుకు అవి ముందుగా నేల సిద్ధం చేసి పెడతాయి.

తుఫాను వచ్చాక శుభ్రం చేసే పనిలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. పడిన మాను తీసుకెళ్లండి, దారులు తెరవండి. బతికున్న మొదళ్లను, తీగలను, గడ్డిని మాత్రం నాటే రోజుదాకా ఉండనివ్వండి. మాకు నాలుగేళ్లు పట్టింది అవి లేకే.

మొన్న మార్చిలో వెళ్లాను. నర్సరీ షెడ్డులో జొన్న తొట్లు వరసగా ఉన్నాయి, నీళ్లు ఆపి వారమైంది, ఆకులు చుట్టుకుంటున్నాయి. ఆ పని ఇప్పుడు ఊరి ఆడవాళ్ల సంఘమే చూసుకుంటోంది. పెద్దమ్మ నన్ను తోపులోకి తీసుకెళ్లి ఒక చెట్టు మొదట్లో వేళ్లతోనే ఇసుక తీసింది. జానెడు లోతున బుడిపెల గుత్తి బయటపడింది. ఒకటి గోటితో చీల్చి నా అరచేతిలో పెట్టింది. లోపల ఎర్రగా ఉంది. మళ్లీ ఇసుక కప్పి, పైన రాలిన పుల్లలు సర్ది, తొట్లకు వేళైందని వెళ్లిపోయింది.